25 ఏళ్ళ రీయూనియన్‌కి 86 టీషర్టులు: స్క్రీనా, డీటీఎఫ్ఫా, సబ్లిమేషనా?

వేపచెట్టు 2001

అందరికీ నమస్కారం. మాది పల్నాడు జిల్లాలో ఒక జడ్పీ హైస్కూలు. 2001 మార్చిలో పదో తరగతి పరీక్షలు రాసిన బ్యాచ్. ఇరవై అయిదేళ్ళు నిండబోతున్నాయని వచ్చే సంక్రాంతికి అందరం కలుసుకుంటున్నాం. కనుమ నాడు కాకైనా కదలదంటారు కదా, ఎక్కడెక్కడి వాళ్ళూ ఆ రోజు ఊళ్ళోనే ఉంటారని కనుమకే పెట్టుకున్నాం. భోజనాల పని ఒకరు, షామియానా ఒకరు, మాస్టార్లను ఇళ్ళ నుంచి కార్లో తీసుకొచ్చే పని ఇంకొకరు తీసుకున్నారు. టీషర్టుల పని నాకు వచ్చింది. నేను నరసరావుపేటలో పిల్లలకి లెక్కలు చెప్తాను. ఈ ప్రింటింగు సంగతులు నాకు బొత్తిగా తెలియవు. రెండు వారాలుగా తిరుగుతున్నాను, తిరిగినకొద్దీ టెన్షన్ పెరుగుతోంది.

మేం అనుకున్నది ఇది. ముందు గుండె దగ్గర చిన్నగా స్కూలు పేరు, సంవత్సరం. వెనక వీపు నిండా మా స్కూలు ఫొటో, దాని ముందున్న వేపచెట్టు, ఆ కింద మా 64 మంది పేర్లు తెలుగులో. ఆ 64 మందిలో ఇద్దరు ఇప్పుడు లేరు. వాళ్ళ పేర్లు కూడా ఉండి తీరాలని అందరం ఒక్క మాట మీద ఉన్నాం. మా యూనిఫాం తెలుపు, నీలం కాబట్టి టీషర్టు నేవీ బ్లూ అనుకున్నాం. 62 మందికి, 9 మంది మాస్టార్లకు, ఇంట్లోవాళ్ళకి ఇవ్వడానికి ఇంకో 15, మొత్తం 86. మనిషికి 250 దాటకూడదు. మాలో సాఫ్ట్‌వేర్ వాళ్ళూ ఉన్నారు, మిరపకోతకి కూలికెళ్ళే వాళ్ళూ ఉన్నారు. అందరూ ఒకే మొత్తం ఇస్తున్నారు, అందులో తేడా రానివ్వకూడదు.

మూడు చోట్ల అడిగాను. ఒకాయన స్క్రీన్ ప్రింటింగ్ చేస్తాడు, ఫొటో మాత్రం వద్దన్నాడు. రంగుకో స్క్రీన్ (సిరా దిగే జాలీ బిగించిన చట్రం) కావాలట, స్క్రీనుకి 500. రెండో చోట డీటీఎఫ్, అంటే ఫిల్మ్ మీద వేసి బట్టకి అంటించేది. ఎన్ని రంగులున్నా ఒకటే రేటు, వెనక ఏ3 సైజుకి 120, ముందు చిన్నదానికి 25, కాటన్ టీషర్టుకి విడిగా 160. మొత్తం 305 అవుతోంది. మూడో చోట సబ్లిమేషన్, అంటే వేడితో రంగుని బట్టలోకి దించేది, టీషర్టుతో కలిపి 210. అది పాలిస్టరే, పైగా తెల్లదే అయితే బాగుంటుందన్నారు.

నా భయానికి ఒక కారణం ఉంది. కిందటి వినాయక చవితికి మా వీధి కమిటీ 40 టీషర్టులు వేయించింది. మెరూన్ రంగు, వీపు మీద తెల్ల అక్షరాలు. తెచ్చిన రోజు ముత్యాల్లా ఉన్నాయి. నిమజ్జనం నాటికి ఆ తెలుపు గులాబీ రంగుకి తిరిగింది. అప్పటికి ఒక్కసారి కూడా ఉతకలేదు. ప్రింట్ చేసినాయన బట్టదే తప్పన్నాడు, బట్ట అమ్మినాయన సిరాదే తప్పన్నాడు. మా బ్యాచ్ టీషర్టులు అలా కాకూడదు. దాచుకునేవాళ్ళు దాచుకుంటారు. వేసుకుని పొలానికి వెళ్ళేవాళ్ళు కూడా ఉంటారు, వాళ్ళకి కూడా నిలవాలి. తెలిసినవాళ్ళు చెప్పండి.

హన్మకొండ తమ్ముడు

అక్కా, నాది డీటీఎఫ్ షాపే. అయినా ఉన్నది ఉన్నట్టు చెప్తాను. మీ వెనక డిజైన్‌కి డీటీఎఫ్ వద్దు.

డీటీఎఫ్ అంటే బట్ట మీద నేరుగా ప్రింట్ కాదు. ముందు పెట్ అనే ప్లాస్టిక్ ఫిల్మ్ మీద రంగులు, వాటి మీద తెల్ల సిరా పడతాయి. తడి ఆరకముందే దాని మీద జిగురు పౌడర్ చల్లి కరిగిస్తాం. ఆ ఫిల్మ్‌ని టీషర్టు మీద పెట్టి 150, 160 డిగ్రీల దగ్గర పది పదిహేను సెకన్లు ప్రెస్ చేస్తే బొమ్మ బట్టకి అంటుకుంటుంది. కాటన్, పాలిస్టర్, నలుపు, తెలుపు, దేని మీదైనా వస్తుంది. ఒక్క పీసైనా చేస్తాం. అందుకే ఇప్పుడు ఊరూరా ఈ మెషిన్లు వచ్చాయి.

కానీ ఫొటో అంటే ఏ3 సైజులో సందు లేకుండా నిండిపోయిన రంగు. వీపు మీద అంత పొర ఉంటే గాలి ఆడదు. మధ్యాహ్నం ఎండలో పెద్ద ప్లాస్టర్ అంటించినట్టు ఉంటుంది. ఇక పేర్ల సంగతి. సన్నటి గీత మీద సిరా తక్కువ, సిరా తక్కువైతే దానికి పట్టే జిగురూ తక్కువే. కొన్ని ఉతుకుల తర్వాత ముందు లేచిపోయేవి ఆ సన్న గీతలే. తెలుగులో వత్తులన్నీ సన్న గీతలే కదా అక్కా.

ఒక్క పని మాత్రం డీటీఎఫ్‌తో చేయించండి. ఒక్కొక్కరికి వాళ్ళ పేరు ముందు వైపు విడిగా వేయించుకోవచ్చు. స్క్రీన్‌లో అయితే పేరుకో స్క్రీన్ కావాలి, అది జరిగే పని కాదు. మీ 62 మందివి, మాస్టార్లవి కలిపి 71. మాకు 71 పేర్లయినా ఒకటే, 71 సార్లు ఒకే పేరైనా ఒకటే. 3 అంగుళాల వెడల్పు, ఒక అంగుళం ఎత్తు పెట్టుకుంటే రోల్ అడ్డంగా ఏడు పేర్లు పడతాయి. 71 పేర్లకి పదకొండు వరసలు. అర మీటరు ఫిల్మ్ సరిపోతుంది. మా దగ్గర మీటరు 300. ప్రెస్ చేసినందుకు పీసుకి 10 తీసుకుంటాం.

రాజమండ్రి స్క్రీన్

చెల్లెమ్మా, ముందు మీ మెరూన్ టీషర్టుల సంగతి తేల్చేద్దాం. అది తేలితేనే మిగతాది అర్థమవుతుంది.

ఉతక్కుండానే తెలుపు గులాబీ అయిందన్నారు కదా. అయితే అది పాలిస్టర్ బట్ట అయ్యుండాలి. మీకు కాటన్ అని చెప్పి అమ్మినా సరే. పాలిస్టర్‌కి వేసే రంగు వేడి తగిలితే ఆవిరై పైకి లేస్తుంది. ప్రింట్ ఆరబెట్టడానికో, అంటించడానికో వేడి పెట్టినప్పుడు మెరూన్ రంగు కదిలి మెల్లగా తెల్ల సిరాలోకి పాకింది. ప్రింట్ చేసిన రోజు కనపడదు. రెండు రోజులకో వారానికో బయటపడుతుంది. ఎరుపు, మెరూన్ రంగుల్లో ఈ బాధ మరీ ఎక్కువ. మీకు ప్రింట్ చేసినాయన బట్టదే తప్పన్నది సగం నిజం. బట్ట ఏమిటో ముందు చూసుకోవాల్సింది, అలాంటి బట్టకి తక్కువ వేడికి ఆరే సిరా వాడాల్సింది ఆయనే. ఆ మిగతా సగం ఆయనది.

ఒక టీషర్టు కుట్టు మడత లోపలి నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల పెట్టండి. కాటన్ అయితే కాగితంలా కాలి బూడిదవుతుంది. పాలిస్టర్ అయితే ముడుచుకుపోయి చివర గట్టి పూసలా నిలుస్తుంది. ఈసారి బట్ట కొనేముందు కూడా అదే పని చేయండి. లేబుల్‌ని నమ్మకండి.

సబ్లిమేషన్ అన్నది ఇదే గుణాన్ని పనికి వాడుకుంటుంది. కాగితం మీద ఉన్న రంగు 200 డిగ్రీల దగ్గర ఆవిరై పాలిస్టర్ పోగులోకే దిగిపోతుంది. చేత్తో తడిమితే ప్రింట్ ఉన్నట్టే తెలియదు. పగలదు, లేచిపోదు. క్రికెట్ జెర్సీలు చాలావరకు అందుకే అలా చేస్తారు. అయితే కాటన్ మీద ఆ రంగు నిలవదు. అందులో తెల్ల సిరా ఉండదు కాబట్టి ముదురు బట్ట మీద బొమ్మ పడదు. మీరు నేవీ బ్లూ అనుకున్నంత వరకు సబ్లిమేషన్ మాట మర్చిపోండి.

ఇప్పుడు స్క్రీన్. నేను 1998లో పెళ్ళికార్డుల స్క్రీన్ దగ్గర పని నేర్చుకున్నాను. ఎమల్షన్, అంటే వెలుతురు తగిలితే గట్టిపడే పూత, రాసిన చట్రాన్ని డాబా మీద ఎండలో పెట్టి, నోటితో అంకెలు లెక్కపెట్టుకుంటూ ఎక్స్‌పోజ్ చేసేవాళ్ళం. మబ్బు పట్టిన రోజు పని లేదు. పెళ్ళికార్డు మీద పడిన చిన్న తెలుగు అక్షరమే నాకు ఈ పని నేర్పింది. కాబట్టి మీ 64 పేర్ల గురించి చదవగానే నా కన్ను అక్కడే ఆగిపోయింది.

మీరు నీలం టీషర్టు మీద తెల్ల పేర్లు అంటున్నారు. ముదురు బట్టని కప్పాలంటే తెల్ల సిరా మందంగా పడాలి. మందంగా పడాలంటే జాలీ కన్నాలు పెద్దవిగా ఉండాలి. మేం దాన్ని 43 అంటాం, అంటే సెంటీమీటరుకి 43 దారాలు. ఆ కన్నాల్లోంచి సన్నటి అక్షరం నీటుగా దిగదు. పైగా సిరాని రబ్బరు పలకతో ఒక్క లాగు లాగితే సరిపోదు, ఒకసారి లాగి కొంచెం ఆరబెట్టి మళ్ళీ అదే చోట రెండోసారి లాగాలి. వెంట్రుకవాసి జరిగినా అక్షరం రెండుగా కనిపిస్తుంది. 'థ' లోపలి చుక్క పూడిపోతే 'ధ' అవుతుంది. 'ధ' కింద గీత చెదిరితే అది 'ద' అవుతుంది. ఇరవై అయిదేళ్ళ తర్వాత మనిషి తన పేరు తప్పుగా చూసుకోకూడదు.

అందుకని నా సలహా పద్ధతి మార్చమని కాదు, టీషర్టు రంగు మార్చమని. తెల్ల టీషర్టు తీసుకుని దాని మీద నేవీ బ్లూ సిరాతో వేయించండి. ముదురు సిరాకి కింద తెలుపు పరవక్కర్లేదు. కన్నాలు చిన్నవైన 77 జాలీతో ఒక్క లాగు చాలు. నీళ్ళ పిగ్మెంట్, అంటే నీళ్ళతో కలిపిన సిరా, వాడితే సిరా బట్టలోకి ఇంకుతుంది. చేతికి తగలదు, గాలి ఆడుతుంది, పగిలేందుకు పైన పొర ఉండదు. మీ 64 పేర్లు, వత్తులతో సహా, నిలబడతాయి. ఖర్చు కూడా తగ్గుతుంది. పైగా తెల్ల బట్ట కాబట్టి రంగు పాకుతుందన్న భయమే లేదు.

ఫొటో వదిలేయండి. దానిలోంచి స్కూలు గోడ, మెట్లు, వేపచెట్టు ఇవి మాత్రం గీతలుగా గీయించండి. మీ బ్యాచ్‌లో బొమ్మలు వేసేవాళ్ళు ఒకరైనా ఉంటారు. రికార్డు బుక్కుల్లో అందరికీ కప్ప బొమ్మ వేసిపెట్టిన మనిషి ఎవరో మీకే గుర్తుంటుంది. ఆ చేతితో వేసిన చెట్టు అయితే అందరూ గుర్తుపడతారు.

ఇక ప్రింట్ చేసే మనిషి దగ్గర ఏం చూడాలో చెప్తాను, ఎందుకంటే ఇదే డిజైన్‌ని ఇద్దరు చేస్తే రెండు రకాలుగా వస్తుంది. పాజిటివ్, అంటే డిజైన్‌ని స్క్రీన్ మీదికి దించడానికి తీసే నల్లటి ప్రింట్, దేని మీద తీస్తారో అడగండి. ట్రేసింగ్ పేపర్ మీద లేజర్ ప్రింట్ తీస్తే నలుపు పూర్తిగా నలుపు కాదు. వెలుతురు అందులోంచి కొంచెం కారుతుంది, సన్న గీతలు స్క్రీన్ మీద తెరుచుకోవు. పెద్ద అక్షరాలకి నడుస్తుంది, మీ పేర్లకి నడవదు. ఫిల్మ్ మీదే తీయమనండి. ఇంకో వంద రెండు వందలు అడిగితే ఇవ్వండి.

తర్వాతది వేడి. పిగ్మెంట్‌లో ఉండే బైండర్ 150 డిగ్రీల దగ్గర కొన్ని నిమిషాలు వేగితేనే గట్టిపడి రంగుని బట్టకి పట్టి ఉంచుతుంది. చాలామంది ఫిక్సర్ కలిపి తాడు మీద ఆరేసి ఇచ్చేస్తారు. చూడ్డానికి ఆరినట్టే ఉంటుంది, మూడు ఉతుకులకి వెలిసిపోతుంది. అలా వేడి పెట్టే క్యూరింగ్ మెషిన్ ఉందా, లేకపోతే హీట్ ప్రెస్ కింద పెడతారా, చూసి రండి. నోటి మాట చాలదు.

మూడోది, నీళ్ళ సిరా జాలీలోనే ఆరిపోతుంది. ఫ్యాను కింద, మిట్టమధ్యాహ్నం చేస్తే ముందుగా మూసుకుపోయేవి మీ చిన్న అక్షరాలే. చేయి తిరిగినవాడు అయితే మధ్యమధ్య తడిగుడ్డతో తుడుస్తూ ఉంటాడు. పొద్దున్నే చేయమని అడగడంలో తప్పులేదు.

బట్ట 180 జీఎస్ఎమ్‌కి (చదరపు మీటరుకి అన్ని గ్రాముల బరువు) తగ్గకండి, తెలుపు కదా, పల్చగా ఉంటే లోపల కనపడుతుంది. బయోవాష్ చేసినదే తీసుకోండి. నూగు పోయి నున్నగా ఉంటుంది, సన్న గీత దాని మీద తెగకుండా పడుతుంది. 86 ఒకే లాటులో తీసుకోండి. తెలుపులో కూడా తేడాలుంటాయి, గ్రూప్ ఫొటోలో తెలిసిపోతుంది.

హన్మకొండ తమ్ముడు చెప్పిన ముందు పేర్ల ఆలోచన చాలా బాగుంది. స్క్రీన్ పని అంతా అయ్యాక అవి అంటించుకోండి. ప్రెస్ పలకని టీషర్టు లోపలికి దూర్చి అంటిస్తే వీపు వైపు ప్రింట్‌కి వేడి తగలదు.

ఉప్పల్ జెర్సీలు

స్క్రీన్ అన్నగారితో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, తెల్ల టీషర్టు అని ఒప్పుకున్నాక సబ్లిమేషన్‌ని పక్కన పెట్టాల్సిన పని లేదు. తెలుపు మీద అయితే ఫొటోకి ఫొటో వచ్చేస్తుంది, 64 పేర్లు ఎంత సన్నగా ఉన్నా వస్తాయి, ఎవరి పేరు వాళ్ళకి అదే రేటుకి వేయొచ్చు. 210 అంటే మీ బడ్జెట్‌లోనే ఉంది. ఎన్నిసార్లు ఉతికినా బొమ్మ లేచిపోదు. పాలిస్టర్ అంటే అందరూ పాతకాలపు టెరికాటన్ అనుకుంటారు. ఇప్పుడు డాట్ నిట్ బట్ట తేలిగ్గా ఉంటుంది, చెమట తొందరగా ఆరుతుంది. మా టోర్నమెంట్లలో ఏప్రిల్ ఎండల్లో వేసుకుంటున్నారు.

వేపచెట్టు 2001

ఇంత వివరంగా రాసినందుకు మీ ముగ్గురికీ ఎన్నిసార్లు దండం పెట్టినా తక్కువే.

అన్నయ్య గారూ, పోగు కాల్చి చూశాను. నల్లటి పూస అయింది, కాలిన ప్లాస్టిక్ వాసన. కాటన్ అనే చెప్పి అమ్మారు. ఆ ముద్దని కాగితంలో చుట్టి మా కమిటీ వాళ్ళకి చూపించాను. మూడు నెలలుగా ప్రింట్ చేసినాయన్ని ఒక్కడినే తిట్టుకుంటున్నాం.

తెల్ల టీషర్టు, నీలం సిరా అన్న మాట గ్రూపులో పెట్టగానే మా లీడర్ ఒక్క నిమిషంలో ఫోన్ చేశాడు. "అది మన యూనిఫామే కదా! పైన తెలుపే కదా ఉండేది!" అన్నాడు. నీలం కోసం పట్టుబట్టింది నేనే. నాకెందుకో ఇన్నాళ్ళూ ఆ ఆలోచన రాలేదు. కాబట్టి రంగు ఖాయం.

ఉప్పల్ వారికి: మీరు చెప్పిందీ సబబే. నేను కూడా ఒక రోజంతా ఆలోచించాను. మాలో ఆడవాళ్ళం 29 మందిమి. సగం మందికి పైగా చీర మీదే వేసుకుంటామన్నారు. చీర, లోపల జాకెట్టు, దాని పైన పాలిస్టర్ అంటే వాళ్ళకి ఇబ్బంది. మాస్టార్లలో ఇద్దరికి డెబ్భై అయిదు దాటాయి, వాళ్ళు జీవితమంతా కాటన్ తప్ప వేయలేదు. ఇంటర్‌కి వెళ్ళే మా అబ్బాయి క్రికెట్ టీముకి మాత్రం మీ దగ్గరే అడుగుతాను.

ఇప్పుడు కొత్త చిక్కు వచ్చింది. స్క్రీన్ వేసే ఆయన డీటీపీ దగ్గర పేర్లు కొట్టించి పంపాడు. నేను వాట్సాప్‌లో పంపిన జాబితాలో అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆయన పంపినదాంట్లో 'లక్ష్మి'లో మకారం వత్తు పక్కకి జరిగి విడిగా పడింది. 'కృష్ణ' ఒకచోట బాగుంది, ఒకచోట ముక్కలైంది. 64 పేర్లలో 11 తప్పులు. దిద్దమంటే ఇంకో రెండు కొత్త తప్పులొచ్చాయి. ఇది ఎవరితో చెప్పుకోవాలి?

బెజవాడ డీటీపీ

ఇది నాకు చెప్పండి మేడమ్, పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని.

మీరు పంపిన వాట్సాప్ జాబితా యూనికోడ్‌లో, అంటే ఇప్పటి ఫోన్లూ కంప్యూటర్లూ వాడే అక్షరాల పద్ధతిలో ఉంటుంది. డీటీపీ సెంటర్లలో చాలామంది ఇప్పటికీ అనూ అనే పాత పద్ధతి ఫాంట్లలో పనిచేస్తారు. ఆ రెండూ వేర్వేరు పద్ధతులు. కాబట్టి వాళ్ళు మీ జాబితా చూసి మళ్ళీ కొట్టి ఉంటారు, అందుకే కొత్త తప్పులు పుట్టాయి. వత్తు పక్కకి జరిగిన చోట మాత్రం యూనికోడ్‌నే పాత సాఫ్ట్‌వేర్‌లో పెట్టి ఉంటారు. అది తెలుగు వత్తుల్ని కలపలేదు, విడగొట్టేస్తుంది. రెండు రకాల తప్పులు కలిసి వచ్చాయి కాబట్టి మీకు దారి దొరకలేదు.

ఎవరితోనూ మళ్ళీ కొట్టించకండి. యూనికోడ్‌ని సరిగ్గా చూపించే చోట మీరే పేర్లు పెట్టి పీడీఎఫ్ చేయండి. అక్షరాలన్నిటినీ కర్వ్స్‌గా, అంటే గీతల బొమ్మలుగా, మార్చి ఇస్తే స్క్రీన్ ఆయన కంప్యూటర్‌లో ఏ ఫాంట్ ఉన్నా లేకపోయినా అవి బొమ్మలే కాబట్టి చెదరవు. అది చేతకాకపోతే ఇక్కడ చెప్పండి, నేను పది నిమిషాల్లో చేసిపెడతాను. డబ్బులు వద్దు, నేనూ జడ్పీ స్కూలే.

ఫాంట్ విషయం. పైన స్కూలు పేరుకి రామభద్ర బాగుంటుంది, లావుగా నిండుగా ఉంటుంది. పేర్లకి మాత్రం అది వద్దు. చిన్న సైజులో లావు అక్షరం లోపలి ఖాళీలు మూసుకుపోతాయి. మండలి లాంటిది తీసుకోండి, గుండ్రాలు విప్పారి ఉంటాయి. బాగా సన్నటి ఫాంట్లు కూడా వద్దు, జాలీ దారాల మధ్య గీత తెగిపోతుంది.

64 పేర్లు నాలుగు వరసలుగా పెట్టండి, వరసకి 16. వీపు మీద 12 అంగుళాల వెడల్పు అనుకుంటే పేరుకి 3 అంగుళాలు వస్తుంది. ఇంటిపేరు మొదటి అక్షరం, పేరు, అంతవరకే. పేరుకీ పేరుకీ మధ్య నిలువుగా అర అంగుళం వదలండి. తెలుగులో కిందికి దిగే వత్తులుంటాయి. 'శ్రీలక్ష్మి' కింద పేరులో గుడి, తలకట్టు ఉంటే రెండూ గుద్దుకుంటాయి. పేర్లకి 8 అంగుళాలు పోగా పైన బొమ్మకి ఇంకో 5, 6 అంగుళాలు మిగులుతుంది, చాలు.

చివరగా, దాన్ని దాదాపు అసలు సైజులో ఏ3 కాగితం మీద తీసి గోడకి అంటించి, నాలుగు అడుగుల దూరంలో నిలబడి చదవండి. అక్కడ చదవలేని పేరు టీషర్టు మీద అసలు చదవలేరు. ఒక్కొక్కరి చేత వాళ్ళ పేరు వాళ్ళనే చూసి 'సరే' అనిపించుకోండి. మీరొక్కరే 64 చూస్తే కన్ను దాటిపోతుంది.

హన్మకొండ తమ్ముడు

అక్కా, ముందు వేసే పేర్లకి కూడా ఇదే పీడీఎఫ్ పద్ధతి. ఇంకో మాట, పేర్ల ఫాంట్ డీటీఎఫ్‌కి కొంచెం లావుగా పెట్టించండి. ఇక్కడ రామభద్ర నడుస్తుంది, అంగుళం ఎత్తు ఉంటుంది కాబట్టి. అంటించిన తర్వాత ఫిల్మ్ తీసేసి, పైన బటర్ పేపర్ పెట్టి మళ్ళీ ఒకసారి ప్రెస్ చేయమనండి. తొందరలో చాలామంది ఈ రెండో ప్రెస్ మానేస్తారు. ఫిల్మ్ వేడి మీద తీసేదా, చల్లారాక తీసేదా అని కూడా అడగండి. చల్లారాక తీయాల్సిన దాన్ని వేడి మీద లాగితే అంచులు అప్పుడే లేస్తాయి.

వేపచెట్టు 2001

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. ఏం జరిగిందో చెప్పకపోతే బాకీ ఉన్నట్టే ఉంటుంది.

బొమ్మ మా బ్యాచ్ అమ్మాయే వేసింది. అన్నయ్య గారు అన్నట్టే రికార్డు బుక్కుల్లో అందరికీ బొమ్మలు వేసిపెట్టిన అమ్మాయి. ఇప్పుడు మాచర్లలో టైలరింగ్ షాపు నడుపుతోంది. నల్ల స్కెచ్ పెన్నుతో చార్టు మీద వేసి, బస్సులో వచ్చి ఇచ్చి వెళ్ళింది. వేపచెట్టు కొమ్మకి వేలాడే బడిగంట, అదే ఆ ఇనప పట్టా ముక్క, నేను మర్చేపోయాను. తను మర్చిపోలేదు.

బెజవాడ మేడమ్ పీడీఎఫ్ చేసిపెట్టారు. ఏ3 కాగితం గోడకి అంటించి చదివాం. మా అత్తగారు దూరం నుంచి చదువుతూ రెండు పేర్ల దగ్గర ఆగారు. ఆ రెండూ కొంచెం వదులు చేశాం. మాలో శ్రీనివాసరావులు ముగ్గురు, ఇద్దరికి ఇంటిపేరు మొదటి అక్షరం కూడా ఒకటే. వాళ్ళిద్దరికీ ఇంటిపేరు పూర్తిగా పెట్టాల్సి వచ్చింది, అక్కడ మాత్రం అక్షరం చిన్నదైంది.

స్క్రీన్ ఆయన దగ్గరికి వెళ్ళి క్యూరింగ్ గురించి అడిగితే ముందు కొంచెం చిరాకుపడ్డారు. తర్వాత లోపలికి తీసుకెళ్ళి హీట్ ప్రెస్ చూపించారు. ఫిల్మ్ పాజిటివ్‌కి 150 ఎక్కువ తీసుకున్నారు. ముందు ఒకే ఒక్క టీషర్టు చేసి ఇమ్మన్నాను. దాన్ని అయిదుసార్లు ఉతికాను. రెండుసార్లు వాషింగ్ మెషిన్‌లో, మూడుసార్లు బండ మీద సబ్బు పెట్టి బ్రష్‌తో రుద్ది. మా వాళ్ళలో ఎక్కువమంది ఉతికేది అలాగే. నీలం రంగు ఏ కొంచెమో తగ్గినట్టుంది గానీ ఒక్క అక్షరం కూడా చెదరలేదు. 'థ'లో చుక్క ఉంది, 'లక్ష్మి'లో రెండు వత్తులూ ఉన్నాయి. ముందు వైపు అంటించిన పేరు ఒక మూల కొంచెం లేచింది. అడిగితే రెండో ప్రెస్ చేయలేదన్నారు. మిగతా వాటికి చేస్తామన్నారు, దగ్గర కూర్చుని చేయిస్తాను.

లెక్క ఇలా వచ్చింది. టీషర్టు 158. వెనక ముద్ర 18, ముందు స్కూలు పేరు 8. రెండు స్క్రీన్లకి వెయ్యి, పాజిటివ్‌కి 150, 86 మందికి పంచితే సుమారు 13.40. ముందు పేరుకి ఫిల్మ్, ప్రెస్ కలిపి 13 లోపే. మొత్తం మనిషికి 210 దాటలేదు. మిగిలిన డబ్బుతో మాస్టార్లకి శాలువాలు తీసుకుంటున్నాం.

ఒక్క సందేహం. ఇస్త్రీ ఎలా చేయాలి? అందరికీ ఒక చీటీ రాసి ఇద్దామనుకుంటున్నాను.

రాజమండ్రి స్క్రీన్

బండ మీద బ్రష్‌తో రుద్దారంటే ఇక నేను చెప్పేదేం లేదు. చాలా మంచి పరీక్ష.

వెనక వైపు పిగ్మెంట్ కాబట్టి మామూలుగా ఇస్త్రీ చేసుకోవచ్చు. ముందు అంటించిన పేరు మీద మాత్రం ఇస్త్రీపెట్టె నేరుగా పెట్టకూడదు, కరిగి పెట్టెకి అంటుకుంటుంది. టీషర్టు తిరగేసి చేయమనండి. ఉతికేటప్పుడు కూడా తిరగేసే. తెల్లగా అవుతుందని బ్లీచింగ్ వాడొద్దని రాయండి, బట్ట తెల్లబడుతుంది గానీ నీలం కూడా దానితో వెలిసిపోవచ్చు. ప్రింట్ అయ్యాక ఒక రోజన్నా ఆగి అప్పుడు నీళ్ళలో ముంచాలి.

చీర మీద వేసుకునేవాళ్ళకి ఒక సైజు పెద్దది తీసుకున్నారా? తీసుకోకపోతే బట్ట ఆర్డర్ ఇచ్చేలోగా మార్చండి.

వేపచెట్టు 2001

తీసుకున్నాం అన్నయ్య గారూ. 16 మందికి ఎక్సెల్, డబుల్ ఎక్సెల్‌కి మార్చాను. చీటీ మీరు చెప్పినట్టే రాశాను.

పేర్లు అకారాది క్రమంలో పెట్టలేదు, హాజరు పట్టీ వరసలో పెట్టాం. ముందు మగపిల్లలు, తర్వాత ఆడపిల్లలు, అప్పట్లో మాస్టారు పిలిచినట్టే. ఎవరి నంబరు వాళ్ళకి ఇంకా నోటికి వచ్చు. 23, 51 నంబర్ల వాళ్ళే ఇప్పుడు లేనిది. విడిగా తీసుకున్న 15 లోంచి రెండింటికి ముందు వైపు వాళ్ళ పేర్లు వేయిస్తున్నాం. డీటీఎఫ్ ఫిల్మ్‌లో ఎలాగూ చోటు మిగిలింది. 23 నంబరు వాళ్ళమ్మగారు ఊళ్ళోనే ఉంటారు, కనుమ పొద్దున్నే వెళ్ళి ఇచ్చి, ఆమెని కూడా స్కూలుకి తీసుకురావాలి. 51 వాళ్ళ అబ్బాయి డిగ్రీ చదువుతున్నాడట, ఎల్ సైజు సరిపోతుందని వాళ్ళ బాబాయి చెప్పాడు.